కుష్ఠు నయమైనవాడు పాళెంలోకి తిరిగి ఎలా వచ్చేవాడు?

ప్రశ్న: మా సంఘంలో ఒక పెద్దాయన కుష్ఠుకి ఏడాది పాటు మందులు వాడి కోర్సు పూర్తి చేశారు. కుడిచేతి బొటనవేలు, ఇంకో రెండు వేళ్లు పోయాయి. ఆదివారం ఆయన్ని వెనక బల్ల మీద కూర్చోబెడుతున్నారు, ప్రభురాత్రి భోజనంలో వేరే గ్లాసు ఇస్తున్నారు. ఇదేమిటని అడిగితే ఇద్దరు పెద్దలు లేవీయకాండం 13, 14 అధ్యాయాలు చూపిస్తున్నారు. "వాక్యంలో ఉంది, బయట ఉండాలి, యాజకుడు ఒప్పుకోవాలి" అంటున్నారు. వచ్చే నెల యూత్ మీటింగులో ఆ అధ్యాయాలే నన్ను చెప్పమన్నారు. అప్పట్లో అసలు ఏం జరిగేది? రెండు పిట్టలు ఎందుకు? రెండుసార్లు క్షౌరం ఎందుకు? పెద్దలకు ఏం చెప్పాలి?
– ఒక సండే స్కూల్ టీచర్, కోనసీమ

సమాధానం:

సోదరికి వందనాలు. మీ పెద్దలు చూపిస్తున్న అధ్యాయాలు సరైనవే. 13వ అధ్యాయం దగ్గర ఆగిపోయి 14కి రాకపోవడమే చిక్కు. బయటికి పంపడం ఎలాగో 13 చెబుతుంది. లోపలికి తేవడం ఎలాగో 14 చెబుతుంది, అదీ రోజు రోజుకీ లెక్క కట్టి, ఖర్చు భరించలేని పేదవాడికి తగ్గింపు కూడా రాసి మరీ. దాన్ని ఆసాంతం చదివినవాళ్లు కోర్సు పూర్తయిన మనిషిని వెనక బల్ల మీద కూర్చోబెట్టలేరు.

ముందు 14:3 చూడండి. యాజకుడు పాళెం (ఇశ్రాయేలీయుల గుడారాల విడిది) వెలుపలికి వెళ్లి చూస్తాడు, కుష్ఠుపొడ, అంటే ఆ మచ్చ, బాగుపడి ఉంటేనే మిగతా పని మొదలవుతుంది. అంటే పిట్టలూ నీళ్లూ మొదలయ్యేసరికే జబ్బు పోయి ఉండాలి. ఈ ఆచారం వైద్యం కాదు. రెండు అధ్యాయాల్లో ఎక్కడా యాజకుడు మందు రాయడు, లేపనం పూయడు, మంత్రం చదవడు, స్వస్థత కోసం ప్రార్థించినట్టు కూడా లేదు. చూస్తాడు, ఏడు రోజులు కడగా, అంటే విడిగా, ఉంచుతాడు, మళ్లీ చూస్తాడు, తేల్చి చెబుతాడు. అంతే. ప్రసంగాల్లో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. "యాజకుడు శుద్ధి చేయగానే కుష్ఠు పోయింది" అని చెప్పేస్తారు. మీరు ఆ మాట అనకండి.

ఇంకో సంగతి కూడా గమనించండి. స్వస్థుడైనవాడు గుంపు ముందుకొచ్చి రుజువు చూపించుకోడు. యాజకుడే నడిచి బయటికి వెళతాడు.

ఇక క్రమం. మొదటి రోజు పనంతా పాళెం బయటే. కావలసినవి: ప్రాణంతో ఉన్న రెండు పవిత్రమైన పిట్టలు, దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు అనే చిన్న మొక్క, ఒక మట్టి పాత్ర, పారే నీళ్లు. పాత్రలోని నీళ్ల మీద ఒక పిట్టను చంపిస్తారు, రక్తం ఆ నీళ్లలో పడుతుంది. బతికున్న పిట్టనూ, కర్రనూ, నూలునూ, హిస్సోపునూ అందులో ముంచుతారు. యాజకుడు శుద్ధి పొందేవాడి మీద ఏడుసార్లు చిలకరించి, పవిత్రుడని ప్రకటించి, బతికున్న పిట్టను బయలు మీదికి వదిలేస్తాడు. ఆ తర్వాత అతను బట్టలు ఉతుక్కుని, వెంట్రుకలన్నీ గొరిగించుకుని, స్నానం చేసి పాళెంలోకి వస్తాడు.

యెరూషలేములో రెండో దేవాలయం ఉన్న కాలపు పద్ధతులు గుర్తుపెట్టుకుని, సుమారు క్రీ.శ. 200 నాటికి యూదు రబ్బీలు మిష్నాలో కూర్చిన వివరాలు ఇంకా నిశితంగా ఉంటాయి. మట్టి పాత్ర కొత్తదై ఉండాలి. అందులో ఊట నీళ్లు లాగు అనే హెబ్రీ కొలతలో నాలుగో వంతు, అంటే మన లెక్కన 75 నుంచి 80 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసెడు. పిట్టలు రెండూ రూపంలో, పరిమాణంలో, వెలలో సమానంగా ఉండాలి, ఒకేసారి కొనాలి. దేవదారు కర్ర మూరెడు పొడవు. చంపిన పిట్టను అతని కళ్లెదుటే గొయ్యి తీసి పాతిపెట్టాలి. వదిలే పిట్టను సముద్రం వైపో, ఊరి వైపో, అరణ్యం వైపో తిరిగి వదలకూడదు. నీళ్లు ఎక్కువైతే రక్తం కనిపించదు, తక్కువైతే ముంచడానికి చాలదు. కొలత పెట్టింది అందుకేనని నా అభిప్రాయం.

రెండు పిట్టల అర్థం అడిగారు. ఈ రక్తం బలిపీఠం మీదికి పోదు. పిట్టల్లో దేన్నీ దేవునికి దహించరు, యాజకుడు తినడు. కాబట్టి దీన్ని బలి అనకండి. అపవిత్రతను మనిషి మీదినుంచి తీసి, బతికున్న పిట్టతో మనుషులుండే చోటికి దూరంగా పంపించేసే క్రియ ఇది. 16వ అధ్యాయంలో అరణ్యానికి పంపే మేకతో పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అక్కడ ప్రధాన యాజకుడు మేక తల మీద రెండు చేతులుంచి ప్రజల పాపాలు ఒప్పుకుంటాడు. ఇక్కడ పాపం ఒప్పుకోవడం అనేదే లేదు. యూత్ మీటింగుల్లో ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం మామూలైపోయింది. వేరుగా ఉంచండి. క్రీస్తు మరణ పునరుత్థానాలకు సాదృశ్యం చెప్పాలనుకుంటే ఆ తర్వాత చెప్పుకోండి, ముందు పిట్టను పిట్టగా చూపించండి.

పాపం మాట వచ్చింది కాబట్టి 14:49–53 తీసి చదివించండి. ఇంటి గోడకు పొడ పడితే, అది బాగుపడ్డాక ఆ ఇంటికి కూడా ఇవే రెండు పిట్టలు, ఇదే దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు, ఇవే ఏడు చిలకరింపులు. గోడ ఏం పాపం చేసింది? మోషే అక్క మిర్యాముకు, ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీకి, ఉజ్జియా రాజుకు కుష్ఠు శిక్షగా వచ్చిన మాట నిజమే, ఆ కథల్లోనే అలా రాసి ఉంది. కానీ నిర్గమకాండం 4లో మోషే చెయ్యి రొమ్మున పెట్టుకుని తీస్తే కుష్ఠు గలదై హిమంలా తెల్లబడింది. అది శిక్ష కాదు, దేవుడు ఇచ్చిన సూచన. లేవీయకాండం 13, 14 మాత్రం రోగిని "నువ్వేం చేశావు" అని ఒక్కసారి కూడా అడగవు.

ఇప్పుడు కొందరు వెలికి ఆధారంగా చూపించే "ఏడు రోజులు." 14:8 జాగ్రత్తగా చదవండి. మొదటి రోజు స్నానం అయ్యాక అతను పాళెంలోకి వస్తాడు, తన గుడారం బయట ఏడు రోజులు ఉంటాడు. పాళెం బయట కాదు, తన సొంత గుడారం బయట. ఊళ్లోకి వచ్చేశాడు, జనం మధ్య తిరుగుతున్నాడు, తన ఇంటి గడప మాత్రం తొక్కలేదు. ఆ ఏడు రోజులూ భార్యతో కాపురం ఉండదని రబ్బీలు దీనికి అర్థం చెప్పారు. "శుద్ధి అయ్యాక కూడా ఏడు రోజులు వెలి" అని ఈ వచనం చూపించేవాళ్లు చదవాల్సిన దాన్ని తలకిందులుగా చదువుతున్నారు.

ఏడో రోజు రెండో క్షౌరం. ఈసారి తల, గడ్డం, కనుబొమలు అని పేరు పెట్టి రాశారు. బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి, మళ్లీ స్నానం. ఎందుకో వాక్యం కారణం చెప్పదు. ఆచారం నడిచే తీరును బట్టి రెండు సంగతులు చెప్పొచ్చు. 13:29–37లో తల మీదా గడ్డంలోనూ వచ్చే పొడకు వెంట్రుకే గుర్తు, పసుపుపచ్చని సన్నని వెంట్రుక. వెంట్రుక తీసేస్తే చర్మం దాచుకోవడానికి ఏమీ ఉండదు. పైగా అనుమానమున్నవాణ్ని కడగా ఉంచింది కూడా ఏడేసి రోజులే, కాబట్టి లోపలికి వచ్చేటప్పుడూ అదే గడువు. రెండో సంగతి, వెలుపల ఉన్నప్పుడు పెరిగిందంతా అతను వదిలేసి వస్తున్నాడు. సంఖ్యాకాండం 6లో నాజీరు (మొక్కుకుని దేవునికి ప్రత్యేకించుకున్నవాడు) శవం తగిలి అపవిత్రుడైతే ఏడో రోజు తల గొరిగించుకుని ఎనిమిదో రోజు అర్పణ తెస్తాడు. సంఖ్యాకాండం 8లో లేవీయులు సేవలో చేరేముందు ఒళ్లంతా గొరిగించుకుంటారు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దాటేటప్పుడు ఇశ్రాయేలులో క్షౌరం ఉండేది.

ఎనిమిదో రోజుకు సరుకు పెద్దది. నిర్దోషమైన రెండు మగ గొర్రెపిల్లలు, ఏడాది ఆడ గొర్రెపిల్ల ఒకటి, నూనె కలిపిన గోధుమపిండి ఏఫాలో మూడు పదో వంతులు, విడిగా ఒక లాగు నూనె. మన తెలుగు బైబిల్లో తూమెడు, అర్ధసేరు అని చూస్తారు. ఏఫా సుమారు 22 లీటర్లని లెక్క వేస్తే పిండి ఆరున్నర లీటర్ల పైచిలుకు, నూనె 300 మిల్లీలీటర్ల దగ్గర. ఈ కొలతల మీద పండితుల లెక్కలు అటూ ఇటూ ఉంటాయి కనుక బోర్డు మీద రాసేటప్పుడు "సుమారు" అని రాయండి.

యాజకుడు అతన్ని ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర, దేవుని సన్నిధిలో నిలబెడతాడు. మొదట ఒక మగ గొర్రెపిల్లను అపరాధపరిహారార్థ బలిగా, ఆ లాగు నూనెతో పాటు అల్లాడిస్తారు, అంటే సన్నిధిలో ఎత్తి ఊపుతారు. దాన్ని వధించాక రక్తం తీసి అతని కుడిచెవి కొన మీద, కుడిచేతి బొటనవేలి మీద, కుడికాలి బొటనవేలి మీద పెడతారు. తర్వాత యాజకుడు తన ఎడమ అరచేతిలో నూనె పోసుకుని, కుడిచేతి వేలు ముంచి, సన్నిధిలో ఏడుసార్లు చిలకరిస్తాడు. అదే నూనె ఆ మూడు చోట్లా రక్తం మీదే పూస్తాడు. మిగిలింది అతని తల మీద రాస్తాడు. ఆ తర్వాత పాపపరిహారార్థ బలి, చివరికి దహనబలి, నైవేద్యం.

ఈ చెవి, బొటనవేలు, కాలివేలు ఎక్కడ చూశారో గుర్తు చేసుకోండి. లేవీయకాండం 8:23–24లో అహరోనుకూ అతని కుమారులకూ యాజకులుగా అభిషేకమైన రోజు ఇవే మూడు చోట్ల రక్తం పెట్టారు. నిన్నటిదాకా పై పెదవి కప్పుకుని "అపవిత్రుడను, అపవిత్రుడను" అని కేకవేసిన మనిషికి ప్రధాన యాజకుడికి చేసినట్టే చేస్తున్నారు. మీ మీటింగులో సగం సమయం దీనికే పెట్టండి. మిగతాది తొందరగా చెప్పినా నష్టం లేదు.

లేనివాడి సంగతి 14:21–32లో ఉంది. మూడు గొర్రెపిల్లలకు బదులు ఒక్కటి, పిండి ఒక పదో వంతు, మిగతా రెండు బలులకు రెండు తెల్ల గువ్వలో రెండు పావురపు పిల్లలో. తగ్గించనివి రెండే: అపరాధపరిహారార్థ గొర్రెపిల్ల, ఆ లాగు నూనె. ఎందుకంటే చెవికీ వేళ్లకూ పెట్టే రక్తం, నూనె వాటిలోంచే రావాలి. పేదవాడికైనా ఆ భాగం తగ్గకూడదు. మిగతాది వెసులుబాటు.

అధ్యాయమంతట్లో "పవిత్రుడగును" అన్న మాట శుద్ధి పొందేవాడి గురించి 8, 9, 20 వచనాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకే మాట మూడుసార్లు ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బోర్డు మీద ఒకదాని లోపల ఒకటిగా మూడు గీతలు గీయండి: పాళెం హద్దు, అతని గుడారం, దేవుని సన్నిధి. మొదటి మాటతో మొదటి హద్దు దాటాడు, రెండో దానితో ఇల్లు చేరాడు, మూడో దానితో సన్నిధి చేరాడు. ఒక్క హద్దు దగ్గర ఆపేస్తే ఆచారం పూర్తి కానట్టే. మీ సంఘం ఆ పెద్దాయన్ని గుమ్మం దాటనిచ్చి ప్రభువు బల్ల దగ్గర ఆపేసింది. మొదటి గీత లోపలికి రానిచ్చి మూడో గీత దగ్గర నిలబెట్టడానికి ఈ అధ్యాయంలో ఆధారం లేదు. ఎనిమిదో రోజు దాటాక అతనికి వేరే పాత్ర అనీ, వేరే చోటు అనీ ఒక్క నియమం కూడా లేదు.

ఇప్పుడు జబ్బు సంగతి. ఆసుపత్రిలో ఆ పెద్దాయనకు తేల్చిన కుష్ఠూ, 13వ అధ్యాయంలోని పొడా ఒకటే అని మీ పెద్దలు అనుకుంటున్నారు. లక్షణాలు పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ గుర్తు తెల్లబడిన వెంట్రుక, చర్మం కంటే పల్లంగా కనిపించే మచ్చ, వారం రెండు వారాల్లో తేలిపోయే మార్పు. మన కుష్ఠుకి అసలు గుర్తు పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ లేకపోవడం. ఆ మాట 13వ అధ్యాయంలో లేనే లేదు. ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు, వారంలో తేలేది కాదు. 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టిన సూక్ష్మజీవి దీనికి కారణం, అది ఇంటి గోడకూ ఉన్ని బట్టకూ పట్టదు. లేవీయకాండం చెప్పే పొడ గోడకూ పడుతుంది, బట్టకూ తోలుకూ పడుతుంది.

పోనీ ఆ నియమాలు అంటుకుంటుందన్న భయంతో పెట్టినవా? అదీ కాదు. 13:12–13లో తల నుంచి కాలి దాకా ఒళ్లంతా తెల్లబడినవాడు పవిత్రుడు. 14:36లో గోడ చూడటానికి యాజకుడు రాకముందే ఇంట్లో సామానంతా బయటపెట్టుకోమంటుంది, లేకపోతే అవి కూడా అపవిత్రం అయిపోతాయి. అంటుకుంటుందన్న భయమే అయితే సామాను బయటికి రానిస్తారా? మిష్నా ఇంకో అడుగు ముందుకు వేసింది. పెళ్లికొడుకు మీద మచ్చ కనిపిస్తే పెళ్లి విందు ఏడు రోజులూ అయ్యేదాకా యాజకుడు చూడడు. పండగైతే పండగ అయ్యేదాకా ఆగుతాడు. యాజకుడు నోట పలికేదాకా అది అపవిత్రత కాదు. వీళ్లు చూస్తున్నది సన్నిధికి తగినవాడా కాడా అన్నది, క్రిమి కాదు.

"యాజకుడు ఒప్పుకోవాలి" అన్నదానికి జవాబు చిన్నది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయింది, ఎనిమిదో రోజు అర్పణకు చోటు లేకుండా పోయింది. దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లో యేసు కుష్ఠరోగిని ముట్టుకుని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనపరచుకుని మోషే చెప్పినవి అర్పించమన్నాడు (మార్కు 1:40–44). అప్పటి చట్టం ప్రకారం ఆ మనిషి ఊళ్లోకి రావాలంటే అదే దారి. ఇవాళ మన దేశంలో ఈ జబ్బు తగ్గిందని తేల్చేది డాక్టరు. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో మందుల కోర్సు ఉంటుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. ఆ పెద్దాయన కోర్సే పూర్తి చేశారు. పోయిన వేళ్లు జబ్బు ఇంకా ఉందనడానికి గుర్తు కావు. నరాలు దెబ్బతిని స్పర్శ లేకపోవడంతో తగిలిన గాయాల వల్ల పోయినవి. ఆయన చేత సర్టిఫికెట్ తెప్పించి సంఘం ముందు చదివించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాస్టరు గారికి సందేహం ఉంటే ఆయనే, పెద్దాయన అనుమతితో, ఆసుపత్రికి వెళ్లి డాక్టరును అడగొచ్చు. 14:3లో యాజకుడు చేసింది కూడా అదే కదా.

చట్టం కూడా ఈ వైపే కదిలింది. 1898 నాటి కుష్ఠరోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. 2019లో చేసిన సవరణతో, క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంతో సహా, కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు పోయింది. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టింది మన మిషనరీలే అని కూడా ఆ ఇద్దరు పెద్దలకు గుర్తుచేయండి. చర్చి పేరు చెప్పుకుని వెనక బల్ల వేయడం వాళ్లకు కూడా ఇబ్బందిగా అనిపించాలి.

పెద్దలతో మాట్లాడేటప్పుడు మీటింగులో అందరి ముందూ ఎదురు చెప్పొద్దు. పట్టుదలకు పోతారు. ముందుగా వాళ్ల ఇంటికి వెళ్లి, 14వ అధ్యాయం ఒకటి నుంచి ఇరవయ్యో వచనం దాకా వాళ్లచేతే బిగ్గరగా చదివించండి. 8వ వచనం దగ్గర ఆగి, "అయ్యగారూ, ఈ ఏడు రోజులూ ఎక్కడున్నాడు?" అని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. సంఖ్యాకాండం 12:15 కూడా చదవండి. మిర్యాము ఏడు రోజులు వెలుపల ఉంటే, ఆమెను మళ్లీ చేర్చుకునేదాకా జనమంతా ప్రయాణం ఆపేశారు.

వేళ్ల గురించి ఎవరైనా సందేహం లేవదీస్తే ఇది చెప్పండి. కుడి బొటనవేలు లేనివాడికి ఎనిమిదో రోజు రక్తం ఎక్కడ పెట్టాలన్నది మిష్నాలో చర్చకు వచ్చింది. అలాంటివాడికి ఎప్పటికీ శుద్ధి లేదన్నది ఒక మాట. రబ్బీ ఎలీయెజెరు, ఆ వేలు ఉండాల్సిన చోటే పెట్టండి, సరిపోతుందన్నాడు. రబ్బీ షిమోను, ఎడమచేతి వేలికి పెట్టినా చాలన్నాడు. రెండు వేల ఏళ్ల నాటి ధర్మశాస్త్ర పండితులే వేలు లేనివాడికి దారి వెతికారు.

ఇక ప్రభురాత్రి భోజనం రోజు చేయాల్సిన పని. అందరికీ ఇచ్చే చిన్న గ్లాసే ఆయనకూ ఇవ్వండి, అదే పళ్లెంలోంచి. వేళ్లు లేని చేతికి ఆ గ్లాసు నిలవకపోవచ్చు, పక్కన కూర్చున్నవాళ్లు అందిస్తే సరిపోతుంది. ఆయన్ని ముందే అడిగి ఆయనకు వీలైన పద్ధతి తెలుసుకోండి. ఆరాధన అయ్యాక టీ ఇచ్చేటప్పుడు మాత్రం పిడి ఉన్న కప్పులో ఇవ్వండి, కాస్త చల్లార్చి. చేతికి స్పర్శ లేనివాళ్లకు వేడి గ్లాసు కాలుతున్నట్టు తెలియదు, బొబ్బలు ఎక్కాక గానీ చూసుకోరు.